18 అంగుళాల గోడ గూటిలో బట్టల అలమర సొంతంగా చేసుకోవడం ఎలా?

నాగావళి గట్టు అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం, అరసవల్లి వెళ్లే దారిలో పాత డాబా ఇల్లు. పడకగదిలో గోడలోనే వదిలిన గూడు ఒకటి ఉంది. మా మావగారు ఇల్లు కట్టించిన రోజుల్లో అందులో సిమెంటు పలకలు రెండు పోయించి, ముందు కర్టెను కట్టి వదిలీసారు. ఈమధ్య రంగులు వేయించినప్పుడు ఆ పలకలు తీయించీసాను. ఇప్పుడది ఖాళీ గూడు. దాన్ని పద్ధతైన బట్టల అలమరగా చేయాలని నా కోరిక. వడ్రంగిని పెట్టకుండా నేనే చేసుకుందామనుకుంటున్నాను. డ్రిల్లు, జిగ్‌సా, చేతిరంపం, క్లాంపులు నా దగ్గరున్నాయి. వంటింట్లో డబ్బాల అరలు, పాప పుస్తకాల బీరువా నేనే చేసాను, రెండూ గట్టిగా ఉన్నాయి.

గూడు కొలతలు ఇవి. వెడల్పు పైన 71½ అంగుళాలు, మధ్యలో 71, కింద 70¾. ఎత్తు ఎడమ పక్క 84, కుడి పక్క 83½. లోతు 18, ఒక మూల మాత్రం 17½.

మాడ్యులర్ పని చేసే షాపువాళ్లు వచ్చి చూసి, లోతు చాలదు, 24 అంగుళాలు ఉండాలి, 6 అంగుళాలు గదిలోకి లాగుతాం అన్నారు. అలా లాగితే మంచానికీ అలమరకీ మధ్య మనిషి నడవడానికి దారి ఉండదు. ఇప్పుడున్న సందే రెండడుగులు. అదీ కాక వాళ్లు చూపించిన బొమ్మలో ముప్పావు వంతు హేంగర్లే. మా ఇంట్లో బట్టలు అలాంటివి కావు. నాకు బడికి రోజూ కట్టుకెళ్లే కాటన్ చీరలు, కొన్ని పట్టుచీరలు. మా ఆయనకి చొక్కాలు, ప్యాంట్లు. పాపకి గౌన్లు, లంగాలు, బడి యూనిఫారం. వీటన్నిటికంటే నాకు ముఖ్యమైనవి మావగారి పొందూరు పంచెలు. ఆయన లేరు. అత్తగారు ఆ పంచెలు ఎవరికీ ఇవ్వలేదు. వానాకాలం వెళ్లాక తీసి, నీడన ఆరేసి, అంచుకి అంచు చూసుకుని మళ్లీ మడతపెడతారు. ఇన్నాళ్లూ అవి ఇనప పెట్టెలో ఉన్నాయి, పెట్టెకి అడుగున తుప్పు పట్టింది. వాటికి అలమరలో ఒక మంచి అర ఇవ్వాలి.

ఇంకో సంగతి కర్ర గురించి. అత్తగారి ఊరు సోంపేట దగ్గర. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఉద్దానమంతా కొబ్బరి, జీడి, పనస చెట్లు పడిపోయినప్పుడు వాళ్ల పెరట్లో పనస కూడా పడిపోయింది. ఆ చెట్టు కోయించి, పలకలు పశువులశాల అటక మీద పేర్చి ఉంచారు. మందం అంగుళంన్నర, వెడల్పు 9 నుంచి 10 అంగుళాలు, పొడవు 6 అడుగులు. అప్పుడు పసుపుగా ఉన్న కర్ర ఇప్పుడు గోధుమ రంగుకి తిరిగింది. కొన్ని పలకలకి అంచున తెల్లగా ఉన్న చోట సూదిబెజ్జాలు కనిపించాయి, తట్టితే సన్నటి పొడి రాలుతోంది. ఆ కర్ర ఈ అలమరలో వాడాలని అత్తగారికీ ఉంది, నాకూ ఉంది. వాడొచ్చా? వాడితే ఎక్కడ వాడాలి?

ఆఖరుగా, గూటి వెనక గోడ బయటి గోడే. వానలు గట్టిగా పట్టినప్పుడు కింద ఓ అడుగు మేర చెమ్మ కనిపిస్తుంది. ప్లైవుడ్ ఏ రకం తీసుకోవాలి, చెదలకి ఏం చేయాలి, 18 అంగుళాల లోతులో హేంగర్లు పెట్టే దారి ఉందా? తెలిసినవాళ్లు చెప్పగలరు.

---

పలాస నుంచి:

ఆ పొడి చూసి భయపడకండి. తిత్లీ కర్ర మా ఇంట్లోనూ ఉంది. పురుగు తినేది తెల్ల భాగాన్నే, చేవ (లోపలి ముదురు కర్ర) జోలికి రాదు. తెల్లదంతా కోసి అవతల పారీయండి. మిగిలిన చేవకి చెద కూడా అంత తొందరగా పట్టదు. అయితే ఆ పలకలు ఇంట్లోకి తెచ్చాక కొయ్యకండి. బయటే కోసి, తెల్ల ముక్కలు పొయ్యిలో పెట్టీయండి. పురుగున్న ముక్క ఇంట్లో మిగిలితే మీ మంచానికీ పట్టగలదు.

---

పొందూరు అప్ప:

చెల్లీ, మావగారి పంచెల గురించి రాసావు, అందుకే రాస్తున్నాను. మా ఇంట్లో మా అమ్మ, పెద్దమ్మ వడికినవాళ్లే. పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, ఆ తర్వాత ఏకి, ఏకులు చుట్టి, సన్నటి నూలు తీస్తారు. ఆ గుడ్డ ఎంత మెత్తగా ఉంటుందో, దాన్ని దాచడంలో అంత జాగ్రత్త కావాలి.

మొదటిది గంజి. కట్టుకునే పంచెకి గంజి అందం. దాచే పంచెకి గంజి ఉండకూడదు. గంజి వాసనకి బొద్దింకలు, గుడ్డలు కొరికే వెండిరంగు సన్నటి పురుగులు వస్తాయి. మంచి నీళ్లలో రెండు తడవలు జాడించి, గంజి పూర్తిగా వదిలాక, ఎముకలా ఆరాక మడతపెట్టాలి. ప్లాస్టిక్ సంచుల్లో పెట్టకు. మన వైపు గాలిలోనే తేమ, సంచిలో పెడితే ఆ తేమ బయటికి పోదు, మడత దగ్గర పసుపు చారలు పడతాయి. పాత మెత్తటి గుడ్డలో చుట్టి పెట్టు. జరీ ఉన్న పట్టుచీరల మధ్య కలరా ఉండలు వేయకు, జరీ నల్లబడుతుంది. ఎండిన వేపాకు చిన్న గుడ్డసంచిలో కట్టి మూలన పెడితే చాలు, అది కూడా చీరకి తగలకుండా. మడత ఎప్పుడూ ఒకే చోట ఉంచకుండా తీసినప్పుడల్లా కొంచెం జరిపి మడతపెట్టు. మీ అత్తగారు చేస్తున్నది సరైన పని.

ఇక కొలతలు. కర్రని కొలిచే ముందు బట్టని కొలవాలి. చీర అయిదున్నర మీటర్లు. సగానికి సగం నాలుగు సార్లు మడిస్తే 34 సెంటీమీటర్లు, అంటే పదమూడున్నర అంగుళాలు. రవికె గుడ్డ వదలని చీరయితే పదిహేనున్నర దాకా వస్తుంది. పన్నా 46 అంగుళాలు అనుకుంటే దాన్ని నాలుగు మడతలేస్తే పదకొండున్నర. ఒక మడత చీరకి కావలసింది ఇంతే. నీ గూడు 18 అంగుళాలు. పూర్వం వాళ్లు గోడ గూళ్లు ఇంతే లోతు ఎందుకు వదిలారనుకున్నావు? మడతబట్టలకి అంతకంటే లోతెక్కువైతే వెనక ఇంకో వరస పడుతుంది. వెనక వరసలో పడ్డ చీర మళ్లీ పండక్కి గానీ కంటికి కనబడదు. నాకైతే ఆ గూడు అంగుళం కూడా ముందుకి లాగొద్దనిపిస్తోంది.

ఒక దొంతరలో పది పన్నెండు చీరలకి మించి పెట్టకు. పైవి బరువై అడుగున ఉన్న పట్టుచీర మడత దగ్గర చిట్లుతుంది. అర ఎత్తు అడుగు ఉంటే చాలు.

---

బొబ్బిలి వడ్రంగి:

అమ్మా, పైన అప్పగారు చెప్పిన కొలతే అసలు కొలత. దాని మీదే పని కడదాం. షాపువాళ్లు 24 అన్నది హేంగర్ లెక్క. హేంగరు 17 అంగుళాలు, చొక్కా భుజం ఇటూ అటూ కొంచెం, తలుపు మందం, అన్నీ కలిపితే 22 నుంచి 24 అవుతుంది. అది అడ్డంగా రాడ్ వేస్తే. మీరు రాడ్ అడ్డంగా వేయొద్దు. అర కింద బిగించి ముందుకి లాగే రాడ్ దొరుకుతుంది, అది తీసుకోండి. దాని మీద హేంగర్లు తలుపుకి ఎదురుగా ముఖం పెట్టి వేలాడతాయి. అప్పుడు లోతు 16 అంగుళాలకి కొంచెం తక్కువున్నా సరిపోతుంది, వెడల్పు 19 ఉంటే హేంగరు పక్కలకి తగలదు. మీ ఆయన చొక్కాలకి, ప్యాంట్లకి పైనొకటి కిందొకటి పెట్టుకోండి. పైదానికి 40 అంగుళాల ఎత్తు, ప్యాంటు మడతేసి వేలాడదీసే కిందదానికి 30 వదలండి.

ఇప్పుడు పెట్టెల సంగతి. గూడు ఎప్పుడూ మూలమట్టానికి ఉండదు, మీది బాగానే కట్టారు, అయినా ముప్పావు అంగుళం తేడా ఉంది. ఎప్పుడూ చిన్న కొలతే తీసుకోవాలి. మీకది వెడల్పు 70¾, ఎత్తు 83½, లోతు 17½. ఒకే పెద్ద పెట్టె చేయకండి, ఒక్కరు ఎత్తలేరు. మూడు విడి పెట్టెలు చేసి గూట్లో పక్కపక్కన నిలబెట్టి స్క్రూలతో కలిపీయండి. మూడూ ఒకే వెడల్పు అక్కర్లేదు. చీరల పెట్టె లోపలి వెడల్పు 27 పెట్టండి, రెండు దొంతరలు పక్కపక్కన వచ్చి చెయ్యి దూరడానికి సందు ఉంటుంది. మిగతా రెండూ 19, 19. 18 ఎంఎం ప్లై మందాలు ఆరు కలిపితే మొత్తం సుమారు 69¼ అవుతుంది. రెండు పక్కలా ముప్పావు చొప్పున మిగులుతుంది. ఆ సందు కావాలనే వదిలింది. అక్కడ నిలువు పట్టీ వేస్తారు, గోడ వంకర ఆ పట్టీ తింటుంది, తలుపు తెరిచినప్పుడు గోడకి రాసుకోదు.

లోతు 15¾ పెట్టండి. ఎందుకో చెప్తాను. ప్లై షీటు 8 అడుగులు, 4 అడుగులు. 48 అంగుళాల వెడల్పులో 16 చొప్పున మూడు పట్టీలు లెక్కకి వస్తాయి గానీ రంపానికి రావు, ప్రతి కోతకీ రంపం ఓ ఎనిమిదో వంతు అంగుళం తినేస్తుంది. 15¾ అయితే మూడు పట్టీలూ సుఖంగా వస్తాయి, నిలువు పలకలు ఆరూ రెండు షీట్లలో అయిపోతాయి. వెనక 6 ఎంఎం ప్లై, ముందు తలుపు మందం కలిపినా మీ 17½ మూలలో గోడకీ పెట్టెకీ మధ్య ముప్పావు అంగుళం గాలి మిగులుతుంది. చెమ్మ గోడకి ఆ గాలి కావాలి. వెనక ప్లైని గోడకి ఆనించి ఫెవికాల్ పెట్టేవాళ్లున్నారు, అది అసలు చేయకండి.

ప్లై గురించి. ఎంఆర్ అని రాసున్నది తేమకి తట్టుకుంటుంది, నీళ్లకి కాదు. మీ గోడకి ఐఎస్ 710 ముద్ర ఉన్న బీడబ్ల్యూపీ తీసుకోండి. మరిగే నీళ్లలో 72 గంటలు ఉంచినా పొరలు విడకూడదన్నది దాని పరీక్ష. అన్నిటికీ అదే కొనలేమనుకుంటే పెట్టెలకీ వెనక పలకకీ అది, లోపలి అరలకి ఎంఆర్ వేసుకోండి. పార్టికల్ బోర్డు మాత్రం వద్దు, అడుగున ఒకసారి తడి తగిలితే ఉబ్బిపోతుంది, స్క్రూ మళ్లీ పట్టదు. తలుపులు ఆరున్నర అడుగుల పొడుగు వస్తాయి కాబట్టి వాటికి బ్లాక్‌బోర్డు (లోపల కర్ర బద్దలు పేర్చి అతికించిన పలక) మేలు, ప్లై కంటే వంగడం తక్కువ. తలుపుకి రెండు వైపులా మైకా ఉండాల్సిందే. ఒక వైపే అతికిస్తే ఆ వైపుకి విల్లులా వంగుతుంది.

షీట్లు కొన్న చోటే మెషిన్ మీద కోయించుకోండి. కోతల బొమ్మ కాగితం మీద గీసి పట్టుకెళ్లండి. జిగ్‌సాతో 8 అడుగుల గీత తిన్నగా నిలవదు, ఎంత చెయ్యి తిరిగినవాళ్లకైనా. జిగ్‌సా మూలలకీ వైరు బెజ్జాలకీ ఉంచుకోండి.

పెట్టెలు నేల మీద పెట్టకండి. ముందు 4 అంగుళాల ఎత్తు పీట చేసి గూట్లో పెట్టి, రసమట్టం పెట్టి, కింద బద్దలు దూర్చి సమం చేయండి. పీట సమంగా ఉంటే పైన పెట్టెలన్నీ వాటంతట అవే కుదురుతాయి. పెట్టె ఎత్తు 78½, పీట 4, పైన అంగుళం మిగులుతుంది, దానికీ పట్టీయే.

మూడో పెట్టెలో పాపకి కింద మూడు సొరుగులు, పైన అరలు పెట్టండి. సొరుగుకి టెలిస్కోపిక్ చానెల్ (సొరుగు జారే ఇనప పట్టాలు) 14 అంగుళాలది తీసుకోండి. చానెల్‌కి ఒక్కో పక్క అర అంగుళం పోతుంది. తలుపు వెనక సొరుగు కాబట్టి కబ్జాలున్న పక్క ముప్పావు అంగుళం చెక్క అదనంగా వేసి దాని మీద చానెల్ బిగించాలి, లేకపోతే సొరుగు వచ్చి తలుపుకి తగులుతుంది. అంటే సొరుగు బయటి వెడల్పు 17¼. ఈ లెక్క తప్పిన సొరుగులు నేను బాగుచేసినవి చాలా ఉన్నాయి.

ఇక పనస. నాకు చదవగానే సంతోషమేసింది. మా బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు ఈ పనసతోనే చేస్తారు, ఒకే దుంగని తొలిచి. అంగుళం మందానికి ఏడాది ఆరాలని మా పెద్దలు చెప్పేవారు, మీ పలకలు ఎప్పుడో ఆరిపోయాయి. ఇంతటి కర్రని పెట్టెలకి వాడి మైకా కింద దాచొద్దు. మూడు చోట్ల వాడండి. పీటకి. ప్లై అంచులకి బీడింగ్‌గా. అన్నిటికంటే ముఖ్యంగా చీరల పెట్టెలో అరలకి. పలక వెడల్పు 10 అంగుళాలే కాబట్టి అతికించి ఒకే అర చేయాలని చూడకండి. ముప్పావు మందం, రెండున్నర వెడల్పు బద్దలుగా చీల్పించి, చిత్రిక పట్టి, మధ్య అర అంగుళం సందు వదిలి వరసగా బిగించండి. 15¾ లోతుకి అయిదు బద్దలు వస్తాయి, కొంచెం మిగిలితే సందులు పెంచండి. కింది నుంచి గాలి ఆడుతుంది, బద్ద వానాకాలం ఉబ్బినా ఎండాకాలం తగ్గినా ఎవరికీ ఇబ్బంది లేదు.

ఒక్క జాగ్రత్త. పనస చేవలో పసుపు రంగు ఉంటుంది. బౌద్ధ భిక్షువుల బట్టలకి రంగు ఈ చేవ ఉడకబెట్టే తీసేవారు. పచ్చి బద్ద మీద తెల్ల పంచె పెట్టి తేమ తగిలితే ఆ రంగు పంచెకి ఎక్కుతుంది. బద్ద నాలుగు వైపులా, చివరలతో సహా, ఇసక కాగితం పట్టి మెలమైన్ పాలిష్ రెండు పూతలు కొట్టండి. వాసన పూర్తిగా పోయేదాకా బట్టలు పెట్టకండి. పైన తెల్ల కాటన్ గుడ్డ పరిచి అప్పుడు పంచెలు పెట్టండి.

పని మొదలుపెట్టే ముందు గోడ సంగతి తేల్చాలి. చెమ్మ వచ్చే చోట పాలిథిన్ కాగితం అడుగు చదరం కోసి, నాలుగు అంచులూ టేపుతో బిగించి, ఒకటి రెండు రోజులు వదలండి. నీటిబొట్లు గోడ వైపు పడితే గోడలోంచి వస్తున్నట్టు, గది వైపు పడితే గాలిలో తేమ. గోడలోంచయితే బయట పూత బాగుచేయకుండా లోపల ఏం కట్టినా వ్యర్థం. చెదలకి మందు కూడా పీట పెట్టకముందే. గోడా నేలా కలిసే చోట అడుగుకో బెజ్జం వేసి మందు పోయించి మూయించండి. పని తెలిసినవాళ్లతోనే చేయించాలి, పడకగది కదా, ఆరేదాకా పాపని ఆ గదిలో పడుకోబెట్టకండి.

---

నాగావళి గట్టు:

అన్నయ్యా, అప్పా, ఇద్దరికీ చేతులెత్తి దండం. మీరు రాసినదంతా అత్తగారికి చదివి వినిపించాను. పనస బద్దల అర అనగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది. పసుపు అంటుతుందన్నది ఆవిడకి ముందే తెలుసు, పనస పీట మీద తడిగుడ్డ వేస్తే చారలు పడేవట వాళ్ల ఇంట్లో.

పాలిథిన్ పెట్టి చూసాను. తడి గోడ వైపే ఉంది. బయటికెళ్లి చూస్తే గూడు వెనకాలే డాబా నీళ్లు దిగే గొట్టం, గోడకి కలిసే చోట పగులు ఉంది. ఆ గొట్టం మార్పించి, పగులు కొట్టి మళ్లీ పూత వేయించడానికి మేస్త్రీతో మాట్లాడాను. గోడ పూర్తిగా ఆరాకే లోపలి పని. ఈలోగా పలకలు ఊర్లోనే కోయించి, తెల్లది తీయించి, బద్దలు చీల్పించి తెస్తాను.

రెండు సందేహాలు మిగిలాయి. తలుపులు పెట్టెలకి బయటే బిగించి గూట్లోకి తోయాలా, పెట్టెలు పెట్టాక బిగించాలా? 20 అంగుళాల తలుపుకి కబ్జాలు ఎన్ని? మంచం దగ్గర సందు రెండడుగులే అని రాసాను కదా, 20 తెరుచుకుంటుంది గానీ చీరల పెట్టెకి 28 అంగుళాల తలుపు ఒక్కటే అయితే తగిలిపోతుంది.

---

బొబ్బిలి వడ్రంగి:

చీరల పెట్టెకి రెండు తలుపులు, 14 చొప్పున. మిగతావాటికి ఒక్కొక్కటి. పొడుగు తలుపు కాబట్టి ఒక్కోదానికి అయిదు కబ్జాలు వేయండి, నాలుగుతో నడుస్తుంది గానీ మన వైపు తేమకి అయిదు ఉంటే తలుపు వంపు తిరగదు. పెట్టె పక్క పలక అంచు మొత్తం తలుపు కప్పితే జీరో క్రాంక్ (వంపు లేని కబ్జా) అడగండి, రెండు తలుపులు ఒకే పలకని పంచుకుంటే 8 క్రాంక్. మీవి విడి పెట్టెలు, అన్నిటికీ జీరోయే.

తలుపులకి కబ్జా కూర్చునే 35 ఎంఎం గుంటలు బయట బల్ల మీదే వేసుకోండి, లోతు 12 ఎంఎం దాటకుండా బిట్‌కి టేపు చుట్టుకోండి. పెట్టెలు గూట్లో పెట్టి, ఒకదానికొకటి కలిపి, గోడకి పట్టీలతో బిగించాక తలుపులు తగిలించండి. తలుపు ముందే ఉంటే పెట్టె బరువెక్కుతుంది, తోసేటప్పుడు మైకా అంచు చిట్లుతుంది. కబ్జాకి ఉన్న స్క్రూలతో పైకీ కిందకీ, ఇటూ అటూ సర్దుకోవచ్చు. అది మాత్రం బట్టలన్నీ సర్దేశాక, ఓ వారం ఆగి చేయండి. బరువు పడ్డాక పెట్టెలు కొంచెం కూర్చుంటాయి, అప్పుడు సర్దిన తలుపే నిలుస్తుంది.